మాస్కు పట్టీ బిగించమన్నది నేనే

ఏడెనిమిదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. దానివల్ల ఎవరి ఆస్తీ పోలేదు, ఎవరి ప్రాణమూ పోలేదు. విన్నాక మీరు ఓస్, ఇంతేనా అని నవ్వినా నవ్వుతారు. నవ్వండి, నాకేం బాధ లేదు. కానీ మా ఆయన కొట్లో కూర్చుని తన మీద తనే జోకు వేసుకుని నవ్వినప్పుడల్లా నేను మాత్రం నవ్వలేను. ఆ జోకు నా అబద్ధంలోంచి పుట్టింది.

పేర్లు చెప్పను. తిరుపతిలో మాకు స్కూలు యూనిఫారాల కొట్టు ఉంది, అంతవరకు చాలు. అలాంటి కొట్లు ఊళ్ళో బోలెడు ఉన్నాయి. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. చెప్పుకుంటే సిగ్గుచేటైన సంగతి చెప్పుకోవడానికి అదే నయం.

ముందు ఆయన గురించి చెప్పాలి. లేకపోతే నేను చేసింది ఎంత తప్పో మీకు అర్థం కాదు.

ఆయనది పీలేరు పక్కన ఒక పల్లె. చిన్నప్పుడు ఎండాకాలం సెలవులన్నీ బావుల్లోనే గడిచాయట. గట్టు మీది నుంచి దూకి, అడుక్కు పోయి, గుప్పెడు బురద పట్టుకుని పైకి రావాలి. అది పిల్లల పందెం. చేతిలో బురద చూపిస్తేనే గెలిచినట్టు. ఈయన ఒక్కసారి కూడా ఓడిపోలేదట. ఈ మాట ఆయన చెప్పలేదు, మా మామ చెప్పేవాడు. "వీడు మనిషి కాదమ్మా, కొరమీను" అనేవాడు నాతో, పెళ్ళయిన కొత్తలో.

తర్వాత బోర్లు వచ్చాయి, బావులు ఎండిపోయాయి. కొన్నిటిని పూడ్చేశారు కూడా. ఊరికి పోయినప్పుడల్లా ఆయన తమ పాత బావి దగ్గర కాసేపు నిలబడి లోపలికి తొంగి చూసి వచ్చేవాడు. లోపల ఏముంది? ముళ్ళకంప, ప్లాస్టిక్ కవర్లు. నేను కారులో కూర్చుని హారను కొట్టేదాన్ని.

అలాంటి మనిషి, నలభై దాటి చాలా ఏళ్ళయ్యాక, ఒక పెళ్ళికని పాండిచ్చేరికి పోయి అక్కడ సముద్రం ఒడ్డున ఒక బోర్డు చూశాడు. వీపుకు గాలి సిలిండరు కట్టుకుని సముద్రం అడుగుకు దిగడం నేర్పిస్తారట. లోపలికి పోయి వివరాలన్నీ కనుక్కుని పరిగెత్తినట్టు నా దగ్గరికి వచ్చాడు.

"అడుక్కు పోయి అరగంట ఉండొచ్చంట మే! ఊపిరి బిగబట్టే పనే లేదంట!"

ఆ ముఖం నేను అంతకుముందు చూడలేదు. పెళ్ళయి ఇరవై ఏళ్ళు దాటాక కూడా మొగుడి ముఖంలో మనకు తెలియని ముఖం ఒకటి ఉంటుందని ఆరోజే తెలిసింది. సంతోషపడాలి కదా? పడ్డాను. కానీ ఆ సంతోషంలో ఎక్కడో ఒక ముల్లు గుచ్చుకుంది. ఆ ముల్లు సంగతి తర్వాత చెప్తాను.

ఇక ఇంట్లో అదే గోల. పాండిచ్చేరి వాళ్ళలో తెలుగు వచ్చినవాడు ఒకడుంటే, అతనికి ఫోన్ చేసి ఏమేం కొనాలో అడిగాడు. సిలిండరు, నోట్లో పెట్టుకుని గాలి పీల్చే గొట్టం, తేలడానికి వేసుకునే జాకెట్టు, ఇవన్నీ తామే ఇస్తామన్నారు వాళ్ళు. నేర్చుకునేవాళ్ళు అవి కొని డబ్బు తగలేసుకోవద్దన్నారు. మాస్కు మాత్రం ముఖానికి సరిగ్గా అతికేది సొంతంగా కొనుక్కుంటే మంచిదన్నారు. ఇష్టమైతే కాళ్ళకు ఫిన్లు. ఫిన్లంటే బాతు కాళ్ళలా వెడల్పుగా ఉండే రబ్బరు చెప్పులు.

కొలతల విషయంలో ఆయన్ని మించినవాడు లేడు. గుమ్మం దాటి లోపలికి వచ్చే పిల్లాణ్ణి చూస్తూనే ఏ సైజు చొక్కా తీయాలో చెప్పేస్తాడు. "ఎదిగే పిల్లోడు గదమ్మా, ఒక సైజు పెద్దదే తీసుకో" అని తల్లులకు చెప్పడం ఆయనకి ఊతపదం. మాస్కు అలా కాదని నాకు పాఠం చెప్పేవాడు. "రేపు నా మొగం ఎదుగుతాదని పెద్దది కొనేదానికి లేదు మే. ఈ మొగానికి ఈ పొద్దే సరిపోవాల." ఫోన్‌లో వీడియోలు పెట్టుకుని కూర్చునేవాడు. వాటిలో మాటలు వినేవాడు కాదు, చేపల్ని చూసేవాడు. బకెట్టు నిండా నీళ్ళు పట్టి అందులో తల ముంచేవాడు. పైకి లేచి, "ఎంతసేపున్నా?" అని నన్నే అడిగేవాడు. నేను కందిపప్పు ఏరుకుంటూ నోటికొచ్చిన అంకె చెప్పేదాన్ని.

మాస్కు కొనడానికి మద్రాసు పోయాం. యూనిఫారం బట్ట కోసం ఏడాదికి రెండుసార్లు ఎలాగూ పోతాం. అక్కడ ఆయనకి నేనే నోరు, నేనే చెవి. నాది నగరి. మాకు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. ఆయనకేమో తమిళమంటే ఇడ్లీ, పొంగల్ వరకే. బట్టల మండీలో బేరం నేనే ఆడతాను. వాళ్ళు ఏమన్నారో నేను చెప్తే ఆయన తల ఊపుతాడు. నేను సరేనంటే బేళ్ళకు బేళ్ళు ఎత్తిస్తాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా, నిజంగానే అలా అన్నాడా అని అడగలేదు. అంత నమ్మకం.

ఆ డైవింగ్ సామాన్ల కొట్టు ఒక సందులో మేడ మీద ఉంది. చూసుకునేది అరవై దాటిన పెద్దావిడ. చెవులకు వజ్రాల కమ్మలు, నుదుటన విభూతి. ఇలాంటి కొట్లో అలాంటి ఆవిడ ఉంటుందని మేం అనుకోలేదు. మాస్కు ఎలా చూసుకోవాలో ఆవిడ చేత్తో చేసి చూపించింది. పట్టీ తలకు వేయకూడదు. ఊరికే ముఖానికి ఆనించి, ముక్కుతో సన్నగా గాలి లోపలికి లాగాలి. చేతులు వదిలేసినా మాస్కు ముఖానికి అతుక్కుని ఉంటే అది మీది. జారితే కాదు.

ఆయన ఒకటి పెట్టాడు, జారింది. ఇంకోటి పెట్టాడు, ఒక క్షణం నిలిచి జారింది. నల్ల అంచున్నది ఒకటి ముఖానికి అచ్చంగా కుదిరింది, కానీ అదీ మెల్లగా జారి చేతుల్లో పడింది. సరే, ఈ లోపల ఫిన్లు చూస్తానని గోడ పక్కన బల్ల మీద కూర్చుని చెప్పులు విప్పుకున్నాడు.

అప్పుడు ఆ పెద్దావిడ నన్ను పక్కకు పిలిచింది. గొంతు తగ్గించి తమిళంలో చెప్పింది. ప్రతి మాటా నాకింకా గుర్తుంది.

"తప్పు మాస్కుది కాదమ్మా. మీసానిది. అంచు ఆనాల్సిన చోట వెంట్రుకలుంటే ఆ సందులోంచి నీళ్ళు వస్తాయి. మొత్తం తీయక్కర్లేదు. ముక్కు కింద సన్నగా, చిటికెన వేలు మందం గీసుకుంటే చాలు, ఈ నల్ల మాస్కు అతుక్కుంటుంది. మగవాడికి మీసం సంగతి నేను చెప్తే బాగుండదు, నువ్వు చెప్పు. ఇంకోమాట. నీళ్ళు వస్తున్నాయని పట్టీ మాత్రం బిగించొద్దను. బిగించేకొద్దీ అంచు మడతపడి ఇంకా ఎక్కువ వస్తాయి."

మీసం అన్న మాట రెండు భాషల్లోనూ ఇంచుమించు ఒకటే. ఆవిడ మామూలు గొంతుతో అనుంటే ఆయనకే అర్థమైపోయేది. మర్యాద కోసం మెల్లగా చెప్పింది.

ఆయన ఒక కాలికి ఫిన్ను తొడుక్కుని, దాన్ని అటూ ఇటూ ఆడిస్తూ, అక్కడి నుంచే కేక వేశాడు.

"ఏమంటా ఉండాది మే ఆమె?"

"మాస్కు మంచిదేనంట. కొత్త రబ్బరు గదా, పట్టీ గట్టిగా బిగిస్తే నిలుస్తాదంట."

అంతే. పెదవుల మీద నుంచి జారిపోయింది. ఆలోచించి అన్నానా? లేదు. పొరపాటున అన్నానా? అదీ కాదు. తెలిసే అన్నాను. ఆవిడ చెప్పినదాంట్లో సగం దాచి, మిగతా సగాన్ని తలకిందులు చేసి చెప్పాను. ఆయన తల ఊపాడు. నల్ల మాస్కు కొన్నాం.

ఎందుకన్నాను? ఇన్నేళ్ళూ నాకు నేను చాలా జవాబులు చెప్పుకున్నాను. మా మామ అప్పుడు బతికే ఉన్నాడు, నాయన ఉండగా కొడుకు మీసం తీయకూడదని ఆ ఇంట్లో పట్టింపు, అందుకే అన్నాననుకున్నాను. ఆవిడ తీయమన్నది మీసమా? చిటికెన వేలు మందం గీత. దాన్ని మా మామ కళ్ళజోడు పెట్టుకుని వెతికినా కనుక్కోలేడు. భయం వల్ల అన్నాననుకున్నాను. అది నిజమే, భయం ఉంది. సముద్రం అడుగున మొగుణ్ణి ఊహించుకుంటే ఏ ఆడదానికి గుండె జారదు? కానీ భయమైతే వద్దని చెప్పొచ్చు కదా. ఏడవొచ్చు, అలగొచ్చు, ఒట్టు పెట్టించుకోవచ్చు. అవన్నీ నాకు చేతనైన పనులే. అవేవీ చేయకుండా, కొనుక్కో అని పక్కనుండి కొనిపించి, లోపల్లోపల అది పనిచేయకుండా చూశాను. ఇందాక ముల్లన్నాను కదా, అదే ఇది. నేను లేని చోట ఆయనకి అంత సంతోషం ఉండటం నాకు నచ్చలేదు. చెప్పడానికే అసహ్యంగా ఉంది. కానీ ఇదే నిజం.

వారం రోజులు ఇంట్లో పండగే. మేడ మీద ఎండబెట్టిన వడియాల మీద ఫిన్లతో నడిచి సగం తొక్కేశాడు. తిట్టాను. టీవీ చూసేటప్పుడు మాస్కు పెట్టుకుని చూసేవాడు. పాండిచ్చేరిలో తరగతులకు రోజు కూడా ఖాయం చేసుకున్నాడు. దానికి ముందు ఇక్కడే ఈత కొలనులో అలవాటు చేసుకుందామని నన్ను తోడు తీసుకుపోయాడు.

మొదటి రోజు మునిగాడు, మాస్కు నిండా నీళ్ళు. పైకి లేచి, నా వైపు చూసి, చెయ్యెత్తి, పట్టీ బిగించాడు. మళ్ళీ మునిగాడు, మళ్ళీ నీళ్ళు. ఇంకా బిగించాడు. నేను మెట్ల మీద తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఒక్క మాట చాలు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. రెండు మూడు రోజులు అలాగే గడిచాయి. కళ్ళ చుట్టూ, బుగ్గల మీద ఎర్రటి వాతలు తేలాయి. కొట్టుకు వచ్చినవాళ్ళు "ఏమప్పా, మొగానికి ఏమైనాది?" అని అడుగుతుంటే, "మీ వదిన కొట్టినాదిలే" అనేవాడు.

ఆఖరి రోజు లోతు వైపు మునిగాడు. ముక్కులోకి నీళ్ళు పోయి, ఊపిరాడక, చేతులూ కాళ్ళూ కొట్టుకున్నాడు. ఈత నేర్పే కుర్రవాడు దూకి, చంకల కింద చేతులు వేసి లాక్కొచ్చాడు. గట్టున పడుకుని దగ్గుతున్నాడు. పక్కన పిల్లలు నవ్వారు. పిల్లలు కదా, నవ్వుతారు. బావి అడుగు నుంచి బురద తెచ్చిన మనిషి, ఈత కొలనులోంచి ఇంకొకరి చేతుల మీద బయటికి వచ్చాడు.

బండి మీద ఇంటికి వస్తుంటే అడిగాడు. "ఆమె ఇంకేమన్నా చెప్పినాదా మే?"

"లేదు" అన్నాను వెనక కూర్చుని.

ఇంటి ముందు బండి ఆపాడు. తర్వాత, "మాస్కులో ఏమీ లేదులే. నాకే నీళ్ళంటే బయం పట్టుకున్నాది" అన్నాడు. పాండిచ్చేరికి ఫోన్ చేసి రావడం లేదన్నాడు. మాస్కు అటకెక్కింది. అప్పటి నుంచి ఎవరు సముద్రం మాటెత్తినా ఆయన జోకు ఒకటే. "బావి కప్పకి సముద్రమెందుకప్పా!" అందరూ నవ్వుతారు, ఆయనా నవ్వుతాడు. కానీ ఆ తర్వాత ఆయన ఏ నీళ్ళలోనూ దిగలేదు. తలకోనకు పోతే జలపాతం కింద కూడా నిలబడలేదు, ఒడ్డున చెప్పులకు కాపలా కూర్చున్నాడు.

మీరింకా నన్ను క్షమించే దారిలోనే ఉంటే, ఇది కూడా వినండి.

ఆ తర్వాత రెండేళ్ళకు నాకు డెంగీ జ్వరం వచ్చింది. బాగా ముదిరింది. ఆసుపత్రిలో కళ్ళు తెరిచినప్పుడల్లా మంచం పక్కన ఆయనే. నేను బతికి ఇంటికి వచ్చాక, ఆయన మొక్కు తీర్చుకోవాలని అలిపిరి మెట్ల దారిన నడిచి కొండకు పోయాడు. మర్నాడు తిరిగి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. గుండుకు గంధం. పై పెదవి నున్నగా ఉంది.

ఆయన గుండు ఎన్నోసార్లు చూశాను. మీసం లేని ముఖం అదే మొదటిసారి. ఎప్పుడు గుండు కొట్టించుకున్నా మీసం ఉంచుకునేవాడు, నాయన ఉన్నాడని. ఈసారి అది కూడా మొక్కుకున్నాడట. "మా నాయన్ని అడిగే తీసినాలే. దేవుడికిచ్చేదానికి తప్పు లేదన్నాడు" అని, సిగ్గుపడుతూ మూతి మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "బాగలేనా? ఎట్లుండా?"

ఎంత బాగున్నాడో చెప్పలేను. నా కోసం మీసం మొత్తం ఇచ్చి వచ్చిన మనిషి. ఆయన సంతోషం కోసం చిటికెన వేలు మందం గీత అడగలేకపోయిన దాన్ని నేను.

అప్పుడు చెప్పాల్సింది. అటక మీది నుంచి మాస్కు దించి, ఇప్పుడు పెట్టుకుని చూడు అంటే చాలు. ఏ సాకు చెప్పినా నమ్మేవాడు. ఆ ముఖానికి అది అతుక్కునేది. ఈసారి భయం అడ్డు రాలేదు, సిగ్గు అడ్డొచ్చింది. ఇప్పుడు చెప్తే అప్పుడెందుకు చెప్పలేదంటాడు కదా. రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం అనుకుంటూ రోజూ ఆయన ముఖం చూసేదాన్ని. మొదట గరుకు, తర్వాత నలుపు, తర్వాత మీసం. అది నా కళ్ళ ముందే పెరిగింది. మద్రాసు కొట్లో అబద్ధం ఒక్క క్షణంలో ఆడేశాను. ఇది నెల రోజుల పాటు, రోజూ, మెలకువగా ఉండి చేసిన తప్పు.

ఇప్పుడెందుకు చెప్తున్నానంటే, మా మరిది కూతురు మా ఇంట్లో ఉండి చదువుకుంటోంది. స్నేహితురాళ్ళతో కలిసి పాండిచ్చేరిలో అదే డైవింగ్ నేర్చుకోవడానికి బయల్దేరింది. పెదనాయన అటక మీది నుంచి మాస్కు దించి, తుడిచి, దాని చేతికిచ్చాడు. అది పట్టీ వేయకుండా ముఖానికి ఆనించి గాలి లాగింది. చేతులు వదిలేసి, ఇల్లంతా తిరిగింది. మాస్కు కదల్లేదు.

"పెదనాయనా, ఇది సూపర్‌గా అతుక్కునింది!"

ఆయన మురిసిపోయాడు. నిజంగా మురిసిపోయాడు, ఏ మూలా అసూయ లేదు. "చూసినావా, మాస్కు మంచిదే. లోపం నాలోనే ఉండాది" అన్నాడు. తర్వాత దాని తల మీద చెయ్యి వేసి చెప్పాడు. "లోపలికి పోయినాక నీళ్ళు గీళ్ళు వస్తే పట్టీ గట్టిగా బిగించుకో పాపా. మద్రాసులో ఆమె అప్పుడే చెప్పినాది."

వంటింట్లో ఉన్న నాకు ఆ మాట వినిపించింది. నా అబద్ధం నాతో పోతుందనుకున్నాను. అది ఇప్పుడు ఆ పిల్లకి చెప్పే జాగ్రత్త అయి కూర్చుంది.

"బిగించొద్దు" అన్నాను బయటికి వచ్చి. "బిగిస్తే ఇంకా ఎక్కువ వస్తాయి. వదులుగానే పెట్టుకో."

ఆయన నా వైపు చూశాడు. కోపంగా కాదు. లెక్క ఎక్కడో తప్పినప్పుడు చూసే చూపు. "నీకెట్ల తెలుసు?" అన్నాడు.

"ఎక్కడో విన్నాను" అన్నాను.

పిల్ల వెళ్ళింది. ఆదివారం తిరిగి వస్తుంది. అది ఊరుకునే రకం కాదు, మా పెదనాయనకు ఎందుకు కుదరలేదని అక్కడివాళ్ళని అడుగుతుంది. ఫొటో చూపించినా చూపిస్తుంది. వాళ్ళు ఒక్క చూపులో చెప్పేస్తారు. అది బస్సు దిగేలోపు నేనే ఆయనకి చెప్పాలి. ఎన్నిసార్లు మొదలుపెట్టానో. మామ పోయి రెండేళ్ళయింది, ఆ పట్టింపు కూడా ఇప్పుడు లేదు, వయసూ మించిపోలేదు, చెప్తే ఆయన ఇంకా డైవింగ్‌కు పోవచ్చు. అన్నీ తెలుసు. మరి నోరు ఎందుకు పెగలదు?

ఆయన కోప్పడతాడని కాదు. కోప్పడితే బాగుండును. నేను సగం చెప్పేలోపే, "ఓస్, ఇంతేనా మే" అని నవ్వేసి కడుపులో పెట్టుకుంటాడు. నేను చేసిన తప్పు బరువు నాకు పూర్తిగా తెలియనివ్వకుండానే దించేస్తాడు. దానికి నేను తగను. అందుకే ముందు మీకు చెప్పుకున్నాను, అంత తొందరగా క్షమించాల్సిన అవసరం మీకు లేదు కాబట్టి. క్షమించకండి కూడా. ఇంత దాకా రాశాక ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది, అదే ఎక్కువ.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. తిరుపతిలో ఎప్పుడైనా, ఏ యూనిఫారాల కొట్లోనైనా, మీసాల మనిషి ఒకడు తనని తాను బావి కప్పనని చెప్పుకుని నవ్వితే, మీరు నవ్వకండి. ఆయనకి నీళ్ళంటే భయం లేదు. ఎప్పుడూ లేదు. ఆ భయం నాది.